మూడు గల్లీల జ్వరం

“పదిసార్లు అడిగినా గదే మాట మామా. నేను సంతకం పెట్ట,” అంది విజయ.

“ఇంట్ల కోడలే పెట్టకుంటే బయటోళ్ళు ఎట్ల పెడ్తరు? నలుగుట్ల నా ఇజ్జత్ ఏంగావాలె?”

“మీ ఇజ్జత్ కోసం మొగిలన్న కొంప కూలగొడ్తరా?”

“కొంపనా అది? దోమల ఫ్యాక్టరీ!”

వంటింట్లోంచి అత్త స్వర్ణలత గొంతు కలిసింది. “పొద్దటి సంది గిదే లొల్లి. మామాకోడండ్లు ఇద్దరు ఒక్కతీర్గనే ఉన్నరు, ఒక్కరన్న తగ్గరు. వాకిట్ల ఎవరో అచ్చిండ్రు, జర సూడుండ్రి.”

వాకిట్లో నిలబడిన వాళ్ళిద్దరూ చెప్పులు సగం విప్పి ఆగిపోయారు. అందులో ఒకరు ఊర్మిల. యాభై రెండేళ్ళ మనిషి. ఇన్సూరెన్స్ కంపెనీలో ఇరవై ఏళ్ళు దొంగ క్లెయిములు పట్టిన అనుభవంతో, జగిత్యాల టవర్ దగ్గర ఒక మేడ మీద గది తీసుకుని నాలుగేళ్ళ నుంచి సొంతంగా డిటెక్టివ్ పని చేస్తోంది. రెండోవాడు ఆనందం, ఆమె సహాయకుడు. కోరుట్ల డిపోలో కండక్టరుగా రిటైరయ్యాడు. బస్సులో ఇరవై ఎనిమిదేళ్ళు నిలబడి ఎన్ని తగాదాలు చూశాడో గాని, ఈ తగాదా ఇవాళ మొదలైంది కాదని గుమ్మంలోనే పసిగట్టాడు. పసిగట్టినందుకు లోలోపల సంతోషపడ్డాడు కూడా. మేడం పక్కన ఉంటే అతనికి తన తెలివి మీద కాస్త నమ్మకం కలుగుతుంది.

“రాండ్రి మేడం, రాండ్రి,” అంటూ జనార్దన్ కుర్చీలు లాగాడు. సిరిసిల్ల బైపాసు పక్కన వెలిసిన శివసాయి కాలనీకి అతను సంక్షేమ కమిటీ అధ్యక్షుడు. ఇంటి వెనక సిమెంటు రేకుల షెడ్డులో ఎనిమిది సాంచెలకు, అంటే ఎనిమిది మరమగ్గాలకు, ఆసామి. ఆర్డర్లు ఆగిపోయి ఏడు నెలలైంది. షెడ్డుకు తాళం పడింది.

విషయం అతనే చెప్పాడు. కాలనీలో మూడు గల్లీలు, నలభై చిల్లర ఇండ్లు. ఆగస్టు మధ్య నుంచి ఆరుగురికి డెంగీ వచ్చింది. అందులో ఒకరు అతని మనవరాలు మనీషా. ఏడేళ్ళ పిల్ల. కరీంనగర్ దవాఖానలో ఐదు రోజులుండి వచ్చినా ఇంకా తేరుకోలేదు. ఎలక్ట్రీషియన్ సునీల్ ఇంకా అక్కడే ఉన్నాడు. ప్లేట్‌లెట్లు పెరగడం లేదు.

“మొదటి గల్లీ చివర మొగిలి అని ఒకడున్నడు. పాత ఇనుప సామాన్ల దుకాణం. టైర్లు, డబ్బాలు, పగిలిన తొట్లు. ప్రతి శుక్రవారం నేనే కమిటీని తీస్కపోయి ఇంటింటికి తిరుగుత. కుండ కుండ బోర్లిస్తం. అయినా జరాలు ఆగుతలేవు. వాడు కావాల్నని నీళ్ళు పెడ్తుండు మేడం. నా మీద కసి. మీరు రుజువు పట్టియ్యుండ్రి. రేపు ఆదివారం కమిటీ కూసుంటది. సోమవారం మున్సిపాలిటీల కాయిదమిస్తే వారంల జాగ ఖాళీ చేపిస్తమన్నరు.”

“అక్కడ ఆయన దుకాణమేనా, ఇల్లు కూడానా?”

“రెండు అండ్లనే,” అని జవాబు విజయ చెప్పింది. “పద్నాలుగేండ్ల సంది మొగిలన్న, పోచవ్వ ఆన్నే ఉంటున్నరు. మా పొల్లకు ఫిట్సు లెక్క వచ్చిన్నాడు అంబులెన్సు రాకపాయె, మా ఆయన హరీశ్ డ్యూటీల ఉండె. వాన కొడుతుంటే తన ట్రాలీ ఆటోల ఏసుకొని తీస్కపోయింది గా మొగిలన్ననే. గసుంటి మనిషిని ఎల్లగొట్టే కాయిదం మీద నా సంతకమా?”

“ఆటో ఎక్కిచ్చుకుంటే దోమలు మాఫ్ అయితయా?” అన్నాడు జనార్దన్.

“ఆయన చెయ్యలేదని తేలితే?” అని ఊర్మిల అడిగింది.

“తేలది. తేలితే కాయిదం నేనే చింపుత.”

గోడవారగా మడత కుర్చీలో ఒక ముసలాయన ఇదంతా వింటున్నాడు. జనార్దన్ తండ్రి భూమయ్య. ఎనభై దాటినా నడుం వంగలేదు. ఆయన ఆనందం వైపే చాలాసేపటి నుంచి చూస్తున్నాడు.

“నువ్వు రుద్రంగి మీంచి వచ్చే కోరుట్ల బస్సు కండక్టర్వు గాదు? జరుగుండ్రి, జరుగుండ్రి, లోపలికి జరుగుండ్రి అని పానం తీసెటోనివి!”

“నేనే బాపూ. జరగకుంటే మీరంత రుద్రంగిలనే ఉందురు,” అన్నాడు ఆనందం. ఇంట్లో అందరూ నవ్వారు. జనార్దన్ కూడా.

ఆ నవ్వులోనే ఊర్మిల మామూలుగా అడిగింది. “ఆరుగురిలో మొట్టమొదట జ్వరం వచ్చింది పాపకేనా? అంతకు ముందు ఎవరికీ రాలేదా?”

“మా పొల్లకే ఫస్టు,” అంది విజయ.

“మామకు అచ్చింది గదా శ్రావణం మొదట్ల,” అంది స్వర్ణలత భూమయ్య వైపు చూసి, కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ. “నాలుగొద్దులు పెయ్యి కాలిపోయింది. కీళ్ళు ఇరగ్గొట్టినట్టున్నయన్నడు. కషాయం కాసిచ్చిన. తగ్గింది.”

“అది ముసలితనం మేడం, జరం గాదు,” అని జనార్దన్ కొట్టిపారేశాడు.

మొగిలి దుకాణం బైపాసు వైపు తిరిగి ఉంది. తుప్పు పట్టిన సైకిళ్ళు, ఫ్యాను రెక్కలు, ఒక పక్క మనిషెత్తు టైర్ల గుట్ట. ఆనందం పొద్దున్నుంచీ జనార్దన్ మాటే నమ్ముతున్నాడు. గుట్టను చూడగానే కేసు తేలిపోయిందనుకున్నాడు. రాత్రి వాన పడింది కాబట్టి నీళ్ళు దొరికి తీరాలి. పై టైరును రెండు చేతులతో పట్టి వంచాడు. చుక్క కారలేదు. రెండోది వంచాడు. అదీ అంతే. మూడోది వంచేసరికి లోపలి నుంచి వెలుతురు సూటిగా కంట్లో పడింది.

“తూటున్నది సార్,” అన్నాడు వెనక నుంచి మొగిలి. బక్కపలచటి మనిషి, చేతులు నల్లగా. “అన్నిటికున్నది. కావాల్నంటే అన్ని ఇప్పి సూస్కోండ్రి. శుక్రవారం శుక్రవారం కమిటోళ్ళు సూస్తనే ఉన్నరు. దొరికింది లేదు. నా మీద కోపం పోయింది లేదు.”

“ఎవరు పొడవమన్నారు తూట్లు?” అని ఊర్మిల అడిగింది.

మొగిలి భార్య పోచవ్వ చెప్పింది. “బుగ్గారంల మా మరిది బిడ్డ డెంగీకే పోయిందమ్మా. ఆరేండ్లాయె. గప్పటి సంది టైరు అస్తే ముందుగాల తూటు, తర్వాతనే తూకం. ఈయన చేతుల డ్రిల్లు మిషిను సూస్తే పిచ్చోడనుకుంటరు.”

“మీకుగాని, ఈ పక్కిండ్లకుగాని జ్వరం వచ్చిందా?”

“మాకు రాలే. ఇటు రెండిండ్లు, అటు రెండిండ్లు, ఎవరికి రాలే.”

“మరి జనార్దన్ గారికి మీ మీద ఎందుకంత కోపం?”

మొగిలి తల దించుకుని అరచేతికి అంటిన గ్రీజు గీకాడు. “గది వాళ్ళింటి ముచ్చట. నన్ను అడగకుండ్రి. జాగ ఇడిసిపొమ్మంటే పోత గని, మాటిచ్చిన మనిషి ముచ్చట నా నోట్లెకెల్లి రాదు.”

బయటికి వచ్చాక ఆనందం ముఖం ముడుచుకుంది. “నేను తప్పనుకున్న మేడం. వీడు గాదు.”

“దోమ కుట్టిన చోటు వెతకాలి గాని, మనకు నచ్చని మనిషిని వెతికితే ఏం దొరుకుతుంది?” అంది ఊర్మిల. “డెంగీ దోమ పగటిపూట కుడుతుంది. ఎక్కువ దూరం ఎగరదు. వాళ్ళు పడుకునే ఇండ్లు మనకెందుకు? మీరు ఆరుగురినీ ఒకటే మాట అడగండి. జ్వరానికి ముందు మధ్యాహ్నం పూట ఎక్కడ కూర్చునేవాళ్ళు?”

ఆనందం మూడు గల్లీలూ తిరిగాడు. సెప్టెంబరు ఎండ తల మీద సమ్మెట పెట్టి కొడుతోంది. మొదటి గల్లీలో బీడీలు చేసే ఇద్దరు ఆడవాళ్ళు, రెండో గల్లీలో రిటైరైన పోస్టుమాన్, మూడో గల్లీలో ట్యూషన్లు చెప్పే భాగ్యశ్రీ. సునీల్‌కు దవాఖానకే ఫోన్ చేసి మాట్లాడాడు. మనీషా మంచం మీద కూర్చుని బత్తాయి తింటూ జవాబిచ్చింది. ఆరుగురూ ఒకే చోటు పేరు చెప్పారు. జనార్దన్ ఇంటి వెనక, మూడు గల్లీలూ కలిసే చోట, సాంచెల షెడ్డు గోడ పక్కన. ఆడవాళ్ళు చాటలు ఒళ్ళో పెట్టుకుని బీడీలు చేసేది అక్కడే. పోస్టుమాన్ పచ్చీసు ఆడేది అక్కడే. భాగ్యశ్రీ పిల్లల నోట్సులు దిద్దేదీ, సునీల్ అన్నం తిని నడుం వాల్చేదీ, మనీషా ఆడుకునేదీ అక్కడే.

ఊర్మిల అప్పటికే షెడ్డు దగ్గర ఉంది. ఆరుగురూ ఏమన్నారో చెప్పేసి ఆనందం గోడ పక్క గద్దె మీద కూలబడ్డాడు. పక్కన బీడీల ఆడవాళ్ళు జరిగి చోటిచ్చారు. చొక్కా వీపుకు అతుక్కుని ఉంది. కిటికీ రెక్కల సందు నుంచి మెడ మీదికి గాలి తగిలేసరికి కళ్ళు వాటంతటవే మూతపడ్డాయి.

“నిద్రొస్తోందా ఆనందమన్నా?”

“పానం లేచొచ్చింది మేడం. ఇంకో పది నిమిషాలు కూసుంటె గురక పెడ్త.”

ఊర్మిల ఎదురుగా ఉన్న వేపచెట్టు వైపు చూసింది. నిండు నీడ. ఆ నీడలో కమిటీ వాళ్ళు కొత్తగా వేయించిన సిమెంటు బెంచీలు నాలుగు. నాలుగూ ఖాళీ.

జనార్దన్ వచ్చి నడుముకున్న తాళంచెవి చూపించాడు. “షెడ్డుల ఏముంటది మేడం? ఏడు నెలల సంది నేనే లోపల అడుగు పెట్టలే. నీళ్ళ పైపు గూడ బంద్ చేపిచ్చిన. లోపల ఎండకు రేకులు పెనమోలె కాల్తయి.”

“రెండో తాళంచెవి?”

“ఎన్నడో పోయింది.”

జనార్దన్ అటు పోయాక భూమయ్య బకెట్టుతో నెమ్మదిగా నడిచి వచ్చాడు. ఆనందం లేచి అందుకోబోతే ఒప్పుకోలేదు. “కూసో కూసో. ఎన్క మల్లెచెట్టున్నది. దానికి రెండు చెంబులు పోసి అస్త.” షెడ్డు మూల తిరిగి వెనక్కి వెళ్ళిపోయాడు. ఎనభై ఏళ్ళ మనిషికి చెట్టు మీద ఇంత ప్రేమ ఉండటం ఆనందానికి ముచ్చటేసింది. చాలాసేపటికి ఖాళీ బకెట్టుతో తిరిగి వచ్చాడు. ధోవతి అంచు మోకాలిదాకా తడిసి ఉంది.

ఆయన ఇంట్లోకి వెళ్ళాక ఊర్మిల వెనక్కి వెళ్ళి చూసింది. ఆనందమూ వెంట వెళ్ళాడు. మల్లెచెట్టు పుల్లలు విరిస్తే పట్‌మని విరిగేలా ఎండిపోయి ఉంది. ఎదురుగా షెడ్డు వెనక తలుపు. దాని తాళం మీద ఊర్మిల వేలు పెట్టి తీసింది. వేలికి నూనె అంటింది.

ఆనందం ఒక అడుగు ముందుకు వేశాడు. “మేడం, ఇప్పుడే తీపియ్యమందామా?”

“ఇప్పుడు తీయిస్తే నీళ్ళు దొరుకుతాయి. మొగిలి మీద పడ్డ మాట పోదు. ఆ మాట నలుగురిలో పడింది, నలుగురిలోనే పోవాలి,” అంది. చేతి రుమాలుతో వేలు తుడుచుకుంది. “కానీ ఆనందమన్నా, ఈ కేసులో నాకు చెడ్డవాళ్ళు దొరకలేదు. అదే కష్టంగా ఉంది.”

పోయే ముందు ఆ గద్దె మీద ఉన్నవాళ్ళందరినీ లేపి, రేపటి దాకా అక్కడ కూర్చోవద్దని చెప్పింది. జనార్దన్‌తో అంది. “మీటింగు రేపు మూడింటికి షెడ్డు ముందే పెట్టండి. మొగిలి దంపతులను కూడా పిలవండి. కుర్చీలు మాత్రం వెయ్యకండి.”

ఆదివారం మూడింటికి ముప్పైమందికి పైగా వచ్చారు. దోమల మందు కొట్టే వాళ్ళు ఇంకా రాలేదని ఒకరు, కాయితం మీద ఇంకా ఎన్ని సంతకాలు కావాలని ఒకరు. ఊర్మిల వేపచెట్టు కింద నిలబడి, ఎక్కడ వీలైతే అక్కడ కూర్చోమంది. జనం ఒకరి వెనక ఒకరు వచ్చి సర్దుకున్నారు. మొగిలి, పోచవ్వ మాత్రం దూరంగా రోడ్డు వారన నిలబడ్డారు. అందరూ కుదురుకునేదాకా ఆమె వాళ్ళనే చూస్తూ నిలబడింది.

“మొదలువెట్టుండ్రి మేడం,” అన్నాడు జనార్దన్.

“సగం అయిపోయింది. ఎవరెవరు ఎక్కడ కూర్చున్నారో ఒకసారి చూసుకోండి.”

అందరూ తలలు తిప్పారు. వేపచెట్టు కింద నాలుగు బెంచీలూ ఖాళీగా ఉన్నాయి. ముప్పైమందీ షెడ్డు గోడ పక్కన ఒకరినొకరు రాసుకుంటూ కూర్చుని ఉన్నారు. నిన్న కూర్చోవద్దన్న వాళ్ళు కూడా అక్కడే ఉన్నారు.

“నీడ అక్కడుంది. మీరు ఇక్కడెందుకు కూర్చున్నారు?”

“ఈడ సల్లగుంటది,” అంది బీడీల ఆమె, ఇదేం ప్రశ్న అన్నట్టు.

“ఎందుకు చల్లగా ఉంటుంది?”

ఆమె తల తిప్పి వెనక కిటికీ వైపు చూసింది. ఊర్మిల జనార్దన్ వైపు తిరిగింది. “ఏడు నెలలుగా మూసి ఉన్న రేకుల షెడ్డు. లోపల పెనంలా కాలుతుందని మీరే చెప్పారు. మరి దాని కిటికీలోంచి చల్లగాలి ఎట్లా వస్తుంది? ఎంత పెద్ద వేసవి కూలరైనా నీళ్ళు లేకుండా చల్లగాలి ఇవ్వదు. లోపల రోజూ ఎవరో నీళ్ళు పోస్తున్నారు.”

జనార్దన్ చెయ్యి నడుము మీది తాళంచెవికి పోయింది. “నా తాళం...”

“ముందు తలుపు తాళం మీది. వెనక తలుపు తాళానికి రోజూ నూనె పడుతోంది.”

ఇక ఆమె ఒక్కో మాటే చెప్పుకుంటూ పోయింది. మొగిలి దుకాణం పక్క నాలుగు ఇండ్లకు జ్వరం రాలేదు. అతని టైర్లలో నీళ్ళు నిలవవు, తూట్లున్నాయి. జ్వరం వచ్చిన ఆరుగురూ వేరువేరు గల్లీల వాళ్ళు. మధ్యాహ్నం మాత్రం అందరూ ఈ గోడ పక్కనే. డెంగీ దోమ మురికినీళ్ళలో కాదు, శుభ్రమైన నిలవ నీళ్ళలో పుడుతుంది. వారం రోజుల్లో రెక్కలొస్తాయి. అయితే దోమ ఒక్కటే చాలదు, అది మొదట జ్వరమున్న మనిషిని కుట్టాలి. ఆ తర్వాతే ఇంకొకరికి ఇస్తుంది. మనీషా కన్నా ముందు, శ్రావణంలో, ఈ ఇంట్లోనే ఒకరికి కీళ్ళు విరిగేలా నాలుగు రోజులు జ్వరం వచ్చింది. దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

“శుక్రవారం కమిటీ అన్ని ఇండ్లూ వెతికింది,” అంది ఊర్మిల. “తాళం ఉందని ఈ ఒక్కటి వదిలేసింది.”

ఆనందం భూమయ్యను చూడకుండా ఉండటానికి చాలా ప్రయత్నించాడు. చివరికి చూశాడు. ముసలాయన గోడ వారనుంచి లేచి నిలబడి ఉన్నాడు. బనియను జేబులోంచి తాళంచెవి తీసి ఊర్మిల ముందు పట్టుకున్నాడు.

“నేనే బిడ్డా,” అన్నాడు. “గని నీళ్ళు నిలవెయ్యలే. అవి సాంచెకు పెట్టిన నీళ్ళు.”

తలుపు తెరిచారు. లోపల చీకట్లో ఎనిమిది మరమగ్గాలు దుమ్ము పట్టి నిలబడి ఉన్నాయి. ఏడింటి మీద ఏమీ లేదు. ఎనిమిదో దాని మీద, సగం నేసిన ఆకుపచ్చ చీర. దాని వెనక బీము అనే రోలరుకు చుట్టిన పడుగు, దుమ్ము పడకుండా పాత దుప్పటి కప్పి ఉంది. కిటికీకి తడి గోనెసంచులు వేలాడుతున్నాయి. మగ్గం కింద నాలుగు ఇనుప తొట్లు, వాటి మీదా గోనెలే. ఊర్మిల ఒక గోనె అంచు ఎత్తగానే దోమలు గుంపుగా లేచాయి. తేటగా ఉన్న నీళ్ళలో సన్నటి పురుగులు తోకలు ఆడించుకుంటూ కిందికి జారాయి.

“నూలు పడుగు బిడ్డా. గంజి పట్టిన పోగు,” అన్నాడు భూమయ్య. తప్పు ఒప్పుకుంటున్నట్టు కాదు, పని నేర్పుతున్నట్టు చెబుతున్నాడు. “తేమ లేకుంటే పోగు పుల్లోలె అయితది. ముట్టుకుంటే తెగుతది. మా బాపు గుంతమగ్గం నేసిన్నాడు గూడ కింద తొట్టి పెట్టేది. ఆర్డరు ఎప్పుడన్న రావచ్చు. అచ్చిన్నాడు పడుగు పాడయింది అనద్దు గదా.”

“ఆర్డరు రాదు బాపూ,” అన్నాడు జనార్దన్. “అందుకే గదా నేను సాంచెలన్ని తూకానికి అమ్ముదామన్న. మొగిలిని పిలిస్తే కొనలే వాడు. నా సాంచెలు వానికి పనికిరావా అని...” అక్కడే ఆగిపోయి, రోడ్డు వారన ఉన్న మొగిలి వైపు చూశాడు.

“కొనద్దని నేనే చెప్పిన వానికి,” అన్నాడు భూమయ్య. “నీకు చెప్పద్దని గూడ మాట తీస్కున్న.”

జనం వెనక నుంచి విజయ చెయ్యి పట్టుకుని మనీషా ముందుకు వచ్చింది. ఇంకా నీరసంగానే ఉంది. భూమయ్య ఆ పిల్లను చూసి, తొట్టిని చూసి, తొట్టి పక్కనే నేల మీద కూర్చుండిపోయాడు.

“నా వల్లనేనా బిడ్డా, పొల్లకు?”

ఊర్మిల ఆయన పక్కన కూర్చుంది. “మీకు తెలియక జరిగింది బాపూ. మిమ్మల్ని కూడా కుట్టింది. ఇప్పుడు తెలిసింది. ఇక ఇక్కడ దోమ పుట్టదు.”

మనీషాకు పెద్దవాళ్ళ ముఖాలు అర్థం కాలేదు. “ముత్తాతా, నీకు గూడ జరమచ్చిందట గదా! మరి నీకు సూది ఎందుకు ఇయ్యలే? నాకైతే ఏడు ఇచ్చిండ్రు,” అంది. ఫిర్యాదు చేస్తున్నట్టు ఏడు వేళ్ళు చూపించింది. ముసలాయన ఆ వేళ్ళన్నీ కలిపి తన గుప్పిట్లో పట్టుకున్నాడు.

జనార్దన్ చొక్కా జేబులోంచి సంతకాల కాయితం తీశాడు. చింపాడు. నాలుగు ముక్కలు చేసి, ఎక్కడ వెయ్యాలో తెలియక చేతిలోనే పట్టుకుని మొగిలి దగ్గరికి నడిచాడు. పద్నాలుగేళ్ళలో అతను అంత నెమ్మదిగా నడవడం కాలనీ వాళ్ళు చూడలేదు.

“మొగిలీ, దోమలు నా షెడ్డులనే పుట్టినయి. నలుగుట్ల అంటున్న, ఇనుండ్రి అందరు. నీ జాగ జోలికి ఎవడన్న అస్తే ముందుగాల నన్ను దాటి రావాలె.”

పోచవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మొగిలికి ఇలాంటి మాటలకు జవాబివ్వడం రాదు. చేతులు ప్యాంటుకు తుడుచుకుని, “మాటలు ఎన్కసిరి సేటూ. ముందుగాల గా తొట్లు బోర్లిద్దాం పాండ్రి. పొద్దుగూకేలోపే మళ్ళ కుడ్తయి,” అన్నాడు.

నాలుగు తొట్లూ మొగిలీ జనార్దనూ చెరో పక్క పట్టుకుని బయటికి మోశారు. కాంక్రీటు మీద ఒంపి ఎండలో బోర్లించారు. ఆడవాళ్ళు గోనెసంచులు తీసి ఆరేశారు. కమిటీ వాళ్ళు కిటికీ రెక్కలు బార్లా తెరిచారు. షెడ్డులోంచి వేడిగాలి మొదటిసారి బయటికి కొట్టింది. బీడీల ఆమె చాట సర్దుకుని, నసుగుతూనే వేపచెట్టు కిందికి నడిచింది. అంతలో సునీల్ తల్లి ఫోన్ పట్టుకుని గల్లీలోంచి పరుగెత్తుకొచ్చింది. పొద్దుటి కంటే ఇప్పుడు ప్లేట్‌లెట్లు రెట్టింపయ్యాయట. ఎల్లుండి ఇంటికి పంపిస్తామన్నారట. ఆమె ఆ మాట ముగ్గురికి మూడుసార్లు చెప్పింది. ప్రతిసారీ ఏడ్చింది.

“గాలి చల్లగుందని నేను గూడ నిద్రపోయిన మేడం,” అన్నాడు ఆనందం, కారు దగ్గర. “మీకు తట్టింది, నాకు తట్టలే.”

“మీరు హాయిగా కళ్ళు మూసుకోబట్టే నాకు తట్టింది,” అంది ఊర్మిల. ఈ మాటతో కోరుట్ల దాకా నడిచి వెళ్ళమన్నా వెళ్ళేవాడు ఆనందం.

కానీ స్వర్ణలత వాళ్ళను అన్నం తినకుండా కదలనివ్వలేదు. ఏడు కాకముందే హాల్లో అందరికీ వరసగా పళ్ళాలు పెట్టింది. హరీశ్ డ్యూటీ దిగి వచ్చి కూతురిని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాడు. విజయ వడ్డిస్తోంది. మామ పళ్ళెంలో అడగకుండానే రెండో గరిటె పప్పు వేసింది. ఆయన వద్దనలేదు. నిన్నటి తగాదాకు అంతకు మించిన రాజీ ఎవరూ చేసుకోలేదు.

భూమయ్య అందరికన్నా ముందు తినడం ముగించాడు. చెయ్యి కడుక్కుని వచ్చి తన కుర్చీలో కూర్చోకుండా, పళ్ళాల వరస చివర నేల మీదే కూర్చున్నాడు.

“రేపు పొద్దున ఆరింటికి నేను సాంచె మీద నిలవడ్త,” అన్నాడు. “గా బీముల మిగిలిన పడుగు నాలుగైదు దినాలల్ల ఒడుస్తది. ఒడిసినంక మొగిలిని పిలువుండ్రి. ఎనిమిదిటికి ఎనిమిది సాంచెలు తూకానికి తీస్కపొమ్మని వానికి నేనే చెప్త.”

“బాపూ,” అన్నాడు జనార్దన్. “తొట్లు లేవు గదా. తేమ లేకుంట ఆ పోగులు ఆగుతయా?”

“ఆగయి. కిటికీలు రెండు తెరిసే నేస్త. తెగినకాడల్ల ముడేస్కుంట.”

ఆ మాట అని, విజయ అందించిన మజ్జిగ గ్లాసు రెండు చేతులతో అందుకున్నాడు.